పడవ అనుకుని బాగుచేసిన బండి

మా ఆయనకు బండ్ల పిచ్చి అని మా పాళెంలో అందరూ అనుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆయనకు పిచ్చి ఉన్నది పడవల మీద. ఇరవై ఏళ్లకు పైగా ఫైబర్ పడవలకు చిల్లులు మూసి బతికిన మనిషి. రాయికి కొట్టుకుని పగిలిన పడవైనా, ఒడ్డున పడి ఎండకు బీటలిచ్చిన పడవైనా మా ముంగిట్లోకే వచ్చేది. ముత్తుకూరు దాటి సముద్రం వైపున్న ఊళ్లలో ఆయన చెయ్యి పడని పడవ తక్కువ. అలాంటి మనిషి ఏడుగురు కూర్చునే పాత పెద్ద కారు ఒకటి తెచ్చుకుని, ఏడాది పాటు దాని చుట్టూ తిరిగాడంటే అందుకు కారణం పిచ్చి కాదు, కిడ్నీలు.

రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, నెల్లూరు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మీద పడుకోవాలి. ఒక్క రోజు తప్పితే ఒంటికి నీరు పడుతుంది. ఇంకా ఆలస్యమైతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, ఆ తర్వాత మేం చెప్పేదేమీ ఉండదమ్మా అన్నారు డాక్టరుగారు. ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశారు. అదేదో నా చేతిలో ఉన్నట్టు. నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని. నా చేతిలో ఏముంటుంది?

మొదట్లో బస్సులోనే వెళ్లేవాళ్లం. పోయేటప్పుడు పర్వాలేదు, తిరిగొచ్చేటప్పుడే నరకం. డయాలసిస్ అయ్యాక ఆయనకు బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. ప్లాస్టిక్ కవరు పట్టుకుని నేను పక్కన కూర్చుంటే ముందు సీటు వాళ్లు లేచి వెనక్కి పోయేవాళ్లు. వాళ్లను తప్పు పట్టను. ఆటోలో పడుకోబెడదామంటే మా రోడ్డుకు ఆటో ఎగిరెగిరి పడుతుంది. ఒకరోజు బస్టాండులో సిమెంటు బల్ల మీద నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుని, కాళ్లు చాపుకునేంత బండి కొంటానన్నాడు. జ్వరంలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడులే అనుకున్నాను.

నిజంగానే కొన్నాడు. చిట్టమూరు వైపు రొయ్యల గుంటలు చేసే ఆసామి దగ్గర పడి ఉన్న బండి అది. మంచి ఎత్తు, మంచి పొడవు, నల్ల రంగు. ఆ ఆసామి దాంట్లో మేత బస్తాలూ, ఉప్పునీళ్ల పైపులూ వేసుకుని గుంటల గట్ల మీద తిప్పినట్టున్నాడు. పైనంతా నున్నగానే ఉంది గానీ, కాళ్ల కింద వేసిన పట్టా ఎత్తి చూస్తే రోడ్డు కనపడింది. పోర్టులో లారీ నడిపే మా తమ్ముడు దాన్ని ఇంటికి తోలుకొచ్చి, దిగీ దిగగానే నా చెవిలో, ఇది బండి కాదక్కా, జల్లెడ అన్నాడు. నేను మా ఆయన ముఖం చూశాను. చిల్లుల్ని చూసి ఆ ముఖం వెలిగిపోతోంది. ఆరు నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూడటం అదే. తమ్ముణ్ణి మోచేత్తో పొడిచి ఊరుకోబెట్టాను.

షెడ్డుకు ఇస్తే నెల రోజులు వదిలేయమంటారు. మాకు నెల ఎక్కడిది? మాకు ఉండేది ఒక్కో రోజే. మంగళ, గురువారాల్లో ఏం విప్పినా సాయంత్రానికి బిగించేయాలి, తెల్లవారితే ఆసుపత్రి. శని, ఆదివారాలు రెండు రోజులు కలిసొస్తాయి కాబట్టి ఆరడానికి టైము పట్టే ఫైబరు పని శనివారం పెట్టుకునేవాడు. అందుకే బండి మా ముంగిట్లోనే, పడవలు బాగుచేసిన తాటాకు పంచలోనే బాగుపడాలని తీర్మానించాడు. పైగా తన బండి మీద వేరేవాడు చెయ్యి వెయ్యకూడదట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం మనిషి, రోగం వచ్చినా ఆ గుణం పోలేదు.

గుణం పోలేదు గానీ చెయ్యి పోయింది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల గుర్రుమని అదురుతూ ఉంటుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, నొక్కకూడదు, దాని మీద తల పెట్టుకుని పడుకోకూడదు. ఆ చెయ్యి పాడైతే సూది గుచ్చే చోటు లేదు. ఆ చెయ్యి పోయినప్పటి నుంచి పడవల వాళ్లు వస్తే కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, వాళ్లు చేసుకునేవాళ్లు. ఇక్కడ రెండు పొరలు, అక్కడ మూడు, ఈ అంచు ఇంకాస్త గీకు. ఆయన మాట మీద ఎంత నమ్మకమంటే, ఆయన సరే అన్నాక ఆ పడవను రెండోసారి తట్టి చూసుకునేవాళ్లు కాదు. ఆ మాట ఒక్కటే మిగిలింది మనిషికి. దాన్ని పట్టుకుని బతుకుతున్నాడు.

బండి దగ్గర ఆయన ఎడమ చెయ్యి నేనయ్యాను. నేల రేకు తుప్పు గీకాను, పైపైన కాదు, చేతులు బొబ్బలెక్కేలా గీకాను. గాజు పీచుతో పట్టాలా చేసిన ఫైబరు మ్యాట్ కత్తిరించే పని నాకిచ్చాడు. నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను: పాత పేపరు పరిచి నేల కొలత తీసి, జాకెట్టుకు కత్తిరించినట్టు ముక్కలు కత్తిరించాను. మంచి కత్తెర దానికి బలైపోయింది, ఆ తర్వాత అది గుడ్డను కోయలేదు, నమిలింది. గాజు పీచు గుచ్చుకోకుండా మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకున్నా ఒళ్లంతా దురదే. రెసిన్ జిగురు కలిపి, బ్రష్షు ముంచి, మ్యాట్ మీద అద్ది, గాలి బుడగలు రోలరుతో పోగొట్టాలి. ఆయన పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని చూపించేవాడు. నేను తప్పు చేస్తే ఆ కుడి చెయ్యి గాల్లోకి లేచేది, మళ్లీ మోకాలి మీదికి దిగేది. రోజుకు అర లీటరు నీళ్లు తాగే మనిషి, ఆ ఎండలో నాకు మజ్జిగ తాగమని చెప్పి తను అటు తిరిగి కూర్చునేవాడు.

నేల అయ్యాక ముందు వైపుకొచ్చాం. ఇంజను పక్కన బ్యాటరీ కూర్చునే చోట రేకును తుప్పు బాగా తినేసింది. బ్యాటరీ తీసి పక్కన పెట్టాం. అక్కడ బండి బాడీకే ఒక బోల్టు ఉంది, బ్యాటరీ నుంచి వచ్చే నల్ల వైరు ఆ బోల్టుకు బిగించి ఉంది. వైరు విప్పి చూస్తే బోల్టు చుట్టూ అరచేతి మేర రేకు మాత్రం తెల్లగా, గట్టిగా ఉంది. ఇది బాగానే ఉంది కదా, వదిలేద్దామా అని అడిగాను. నాకేదో తెలిసి కాదు, మ్యాట్ ముక్క చాలకపోయింది, అందుకని అడిగాను.

"చిల్లు వదిలితే నీళ్లు రావా మే? మొత్తం మూసెయ్యి," అన్నాడు.

పడవ పనిలో మొదటి పాఠం అదే. బాగున్న చోటు దగ్గర ఆగిపోకూడదు, దాన్ని కూడా కలుపుకుని మూయాలి, లేకపోతే అంచులోంచి సముద్రం లోపలికొస్తుంది. ఇంకో ముక్క కత్తిరించి తెచ్చి ఆ తెల్ల రేకును కూడా మూసేశాను. రెండు పొరలు వేసి, ఆరాక నల్ల రంగు కొట్టి, ఆ పైన వైరు పెట్టి బోల్టు బిగించాం. చూడటానికి ముచ్చటగా ఉంది. ఆయన వేలితో తడిమి, బాగుందని తల ఊపాడు. ఆయన నా పనిని మెచ్చుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు, నాకు సిగ్గేసింది కూడా.

ఇక ఊరుకుంటాడా? వెనక రెండు వరసల సీట్లూ పీకించేసి పడవ చెక్కతో ఒక మంచం వేయించాడు. దాని మీద పరుపు, తల వైపు చిన్న ఫ్యాను, కాళ్ల వైపు ఎల్ఈడీ దీపం. ఎక్కడానికి ఒక చెక్క మెట్టు. పట్టుకోవడానికి పడవ తాడుతో అల్లిన పిడి. ముందు లైట్లు తీసి పెద్దవి వేయించాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది నీ యవ్వారం అని నేను దెప్పితే, నీకేం తెలుసు, రేపు కాన్పులకు కూడా ఈ బండే పోతాది చూడు అన్నాడు. అంతా అయ్యాక కొత్త పడవకు చేసినట్టే ముందు భాగానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బండి ముఖం సముద్రం వైపు తిప్పి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాడు. పడవల వాళ్లు కింద దూరి తట్టి చూసి, దీన్ని నీళ్లలో వదిలినా తేలుతాదన్నా అని మెచ్చుకున్నారు. నవ్వాను నేను కూడా.

మొదటి రెండు నెలలు మహారాణిలా తిరిగింది. పోయేటప్పుడు ఆయనే నడిపేవాడు. తిరిగొచ్చేటప్పుడు మా తమ్ముడు నడిపేవాడు, ఆ మూడు రోజులు వాడు పోర్టులో వేరేవాళ్లతో డ్యూటీ మార్చుకునేవాడు. ఆయన వెనక మంచం మీద కాళ్లు చాపుకుని, ఫ్యాను గాలికి నిద్రపోతుంటే నాకు ఏడుపొచ్చేది. బస్సులో ఆ ప్లాస్టిక్ కవర్ల రోజులు గుర్తొచ్చి వచ్చే ఏడుపు అది.

ఆ తర్వాత మొదలైంది. ఫ్యాను వేస్తే లైటు మసకబారేది. హారను కొడితే గొంతు పూడుకుపోయిన మనిషిలా మూలిగేది. ఒక సోమవారం పొద్దున తాళం తిప్పితే టక్ మని ఊరుకుంది. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. అంతే, ఇంజను కదల్లేదు. చేపల వేట నుంచి వచ్చిన వాళ్లు నలుగురైదుగురు వచ్చి, పడవను ఇసుక మీద తోసినట్టు ఐలేసా అంటూ తోస్తే స్టార్టయింది. ఆ రోజుకు గండం గడిచింది అనుకున్నాం. బుధవారం మళ్లీ అదే.

నెల్లూరులో ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ముత్తుకూరులో ఇంకొకడు ఇంజను తిప్పే సెల్ఫ్ మోటారు విప్పి బాగుచేశాడు. మా తమ్ముడు బ్యాటరీ కొనలు గరుకు కాగితంతో రుద్దాడు. చేయి పెట్టిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ టక్. నల్ల వైరు బోల్టును అందరూ ఊపి చూశారు, బిగువుగానే ఉంది, బాగుంది అన్నారు. బాగుండదా మరి, మేం రెండు పొరలు వేసి బిగించాం! మా ఆయనకైతే ఒకటే మాట: నా పనిలో తప్పు లేదు, ఈ మెకానిక్కులకే పని రాదు.

మా ఇంట్లో ఒక కొత్త చట్టం వచ్చింది, బండిని వాలు మీద తప్ప ఆపకూడదు, దారిలో ఇంజను ఆపకూడదు. నెల్లూరులో ఏ వీధి ఎటు వాలి ఉంటుందో నాకిప్పుడు బాగా తెలుసు. ఆసుపత్రికి రెండు వీధుల అవతల కాలవ గట్టు వాలు మీద బండి ఆపి, అక్కడి నుంచి ఆయన్ను నడిపించుకుని పోయేదాన్ని. ఇంటి దగ్గర వాలు లేదు, మనుషులే దిక్కు. వేటకు పోయొచ్చి ఒళ్లు హూనమైన వాళ్లు, మా కోసం వారానికి మూడు పొద్దులు వచ్చి నిలబడేవాళ్లు. ఒక్కరూ విసుక్కోలేదు. వాళ్లు తోస్తుంటే ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకే చూసేవాడు. పడవలు తోసేటప్పుడు ఐలేసాకు ముందు మాట అందించింది ఈయనే ఒకప్పుడు.

నేను దేవుళ్లకు మొక్కుకోవడం తప్ప చేసిందేమీ లేదు. ఆదివారం సాయంత్రం అయితే అదే దిగులు. రేపు స్టార్టవుతుందా? మనుషులు దొరుకుతారా? వాళ్లు వేటలో ఉండిపోతే? కుట్టు మిషన్ మీద కూర్చుని ఇవే లెక్కలు. చేతులు అతకాల్సిన చోట మెడ కత్తిరించి ఒకావిడ జాకెట్టు పాడు చేశాను.

గోరుచుట్టు మీద రోకటి పోటులా ఈశాన్య వానలు వచ్చాయి. మంగళవారం మధ్యాహ్నం నుంచి పట్టిన వాన విడవలేదు. బుధవారం పొద్దునకు ఊరి బయట వాగు దాటే చప్టా మీద నడుము లోతు నీళ్లు. బయటికి పోయే దారి లేదు. ఆసుపత్రికి ఫోను చేస్తే ఎలాగైనా తీసుకురండి అన్నారు. ఎలాగైనా అంటే ఎలాగ? గురువారం కూడా నీళ్లు తగ్గలేదు. ఆయన నీళ్లు మానేశాడు, నాలుక తడుపుకోవడానికి ఒక ఐసు ముక్క, అంతే. అయినా కాళ్లు ఉబ్బిపోయాయి. బొటనవేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. పడుకుంటే ఊపిరి ఆడక కుర్చీలో కూర్చునే తెల్లవార్చాడు. ఎదురుగా కూర్చుని ఆ గురక లాంటి ఊపిరి వినడం తప్ప నాకు చేతనైంది లేదు.

శుక్రవారం నీళ్లు మోకాటికి దిగాయి. ఏడుగురు వానలో తడుస్తూ తోశారు, బండి స్టార్టయింది. ఆయన నడిపే స్థితిలో లేడు. మా తమ్ముడు స్టీరింగు దగ్గర, ఆయన వెనక మంచం మీద తాడు పిడి పట్టుకుని కూర్చుని, నేను పక్కన. గాలి కావాలని అద్దం కొంచెం దించమన్నాడు. చప్టా దాటాం. గంగమ్మ తల్లీ అనుకున్నాను. ఇంకో రెండు మైళ్లు పోయామో లేదో, పొలాలు మునిగిపోవడంతో మేత కోసం వచ్చిన బర్రెలన్నీ రోడ్డెక్కి నిలబడి ఉన్నాయి. మా తమ్ముడు బ్రేకు వేశాడు, కంగారులో క్లచ్ వదిలేశాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది.

తాళం తిప్పాడు. టక్.

రోడ్డు చదును. అటూ ఇటూ నీళ్లు. నరమానవుడు లేడు. నేనూ మా తమ్ముడూ దిగి తోశాం. అంత బండి ఇద్దరికి కదులుతుందా? బురదలో జారి మోకాళ్ల మీద పడ్డాను, చెప్పు తెగిపోయింది. అంబులెన్సుకు ఫోను చేస్తే దారిలో చెట్టు పడింది, గంట పైన పడుతుంది అన్నారు. గంట పైన! కిటికీలోంచి ఆయన ఊపిరి వినపడుతోంది, కుండలో నీళ్లు మసిలినట్టు. ఆ బండిని అక్కడే తగలబెట్టేయాలనిపించింది. దాన్ని అనలేక ఆ బర్రెలను తిట్టాను. వాటిని కన్నవాళ్లను తిట్టాను, మేపేవాళ్లను తిట్టాను. బర్రెలు నమిలేది నములుతూనే ఉన్నాయి.

"అరవబాక మే," అన్నాడు ఆయన లోపలి నుంచి. "వస్తాదిలే ఏదో ఒక బండి."

వచ్చింది. చేపలకు ఐసు మోసే వ్యాను. డ్రైవరుకు యాభై ఏళ్లుంటాయి, తలకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని దిగాడు. మా తమ్ముడు తాళం తిప్పితే ఆ టక్ అనే చప్పుడు విన్నాడు. వ్యాను సీటు కిందనుంచి రెండు వైపులా క్లిప్పులున్న లావుపాటి వైరు ఒకటి తెచ్చాడు. ఒక క్లిప్పు బ్యాటరీకి నల్ల వైరు ఉండే కొనకు, రెండోది నేరుగా ఇంజను ఇనుముకు పెట్టాడు. తిప్పమన్నాడు. ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది. ఇన్నాళ్ల మా కష్టం, అంతమంది మనుషుల రెక్కలు, నా మొక్కులు, అన్నీ ఆ మూరెడు వైరుతో తీరిపోయాయి.

నేను దండం పెట్టబోయాను. ఆ డ్రైవరు నన్ను చూడటం లేదు. స్క్రూడ్రైవరుతో బోల్టు కింద నల్ల రంగు గీకుతున్నాడు. లోపల నుంచి తెల్లగా ఫైబరు పీచు లేచింది.

"ఎవుడమ్మా ఈడ ఫైబరు కొట్టింది?" అన్నాడు. "కరెంటు పొయ్యేది వైరులో, తిరిగొచ్చేది ఈ బాడీ రేకులోనే గదా. రేకుకి తగలకుండా ఫైబరు అడ్డం పెడితే ఎట్టొస్తాది? బోల్టు సందులో ఏదో కాస్త అందినన్నాళ్లు తిరిగుంటాది, తుప్పు పట్టినాక అదీ పొయ్యింది. ఇదేం పడవనుకున్నాడా, తలకాయ లేనోడు."

వెనక అద్దం దించే ఉంది. ఇంజను మోతలో కూడా ఆ మాట వినపడేంత దగ్గర. మా తమ్ముడు తల దించుకున్నాడు. నేను కిటికీ వైపు చూడలేకపోయాను.

"నేనేనన్నా కొట్టింది," అన్నాను.

నన్ను ఎగాదిగా చూశాడు. ఆడమనిషివి, నీకెందుకు తల్లీ ఈ పనులు అని, ఆ వైరు అలాగే ఉంచుకోమని, జాగ్రత్తగా పొమ్మని చెప్పి బర్రెల మధ్య దారి చేసుకుని వెళ్లిపోయాడు. మంచి మనిషి, ఆయన బిడ్డలు చల్లగా ఉండాలి. ఆయన లేకపోతే నాకు మా ఆయన లేడు. కానీ ఆ ఒక్క మాట అనకుండా పోయుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఆయన నెల్లూరు దాకా ఆ తాడు పిడి పట్టుకుని బయటికే చూశాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, వెంటనే డయాలసిస్ ఎక్కించారు. నాలుగు గంటల్లో ముఖం వాపు తీసింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తూ మాట్లాడాడు. ఫైబరు పడవలో రేకు ఉండదు, ప్రతి దీపానికీ పొయ్యేదొక వైరు, వచ్చేదొక వైరు, రెండూ వేస్తాం, బాడీ మీద తిరిగొస్తుందని నాకు తట్టలేదు అన్నాడు. అది నాతో చెప్పినట్టు లేదు. ఎవరికో సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంది. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"నువ్వెందుకు నీ మీదేసుకున్నావు?"

"కొట్టింది నేనే గదా."

"చెయ్యి నీది. మాట నాది," అని కళ్లు మూసుకున్నాడు.

మరునాడు శనివారం. నా కుట్టు సుద్ద అడిగి తీసుకుని, బ్యాటరీ తీసిన చోట అరచేయంత సున్నా గీశాడు. ఎక్కడ మంచి రేకు ఉందో, ఎక్కడి దాకా మూయించాడో అంగుళం తేడా లేకుండా గుర్తుంది ఆయనకు. ఫైబరు అరగదీసే గ్రైండరు నా చేతికిచ్చాడు. నేను అతికించిందే నేను కోశాను, తెల్ల దుమ్ము కళ్లల్లో పడింది, మెచ్చుకున్న పనిని చెరిపేశాను. అడుగున తుప్పు పొర, దాని కింద రేకు. తెల్లగా మెరిసేదాకా గీకించి, చాలు అన్నాడు. వైరు రేకుకు ఆనించి బోల్టు బిగించాం. మా తమ్ముడు తాళం తిప్పగానే స్టార్టయింది. ఫ్యాను గిరగిరా తిరిగింది, లైట్లు వెలిగాయి. వాడు సంతోషం పట్టలేక హారను కొట్టాడు, చుట్టుపక్కల కోళ్లన్నీ పరుగులు తీశాయి. ఆయన లేచి కుడి చెయ్యి కడుక్కుని లోపలికి పోయాడు.

సోమవారం తోయడానికి వచ్చినవాళ్లు, ఇంక మాతో పన్లేదన్నమాట అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆయన స్టీరింగు దగ్గరికి పోలేదు. పోయేటప్పుడు కూడా వెనకే పడుకుంటానన్నాడు. ఆ రోజు నుంచి మా తమ్ముడే రెండు వైపులా నడుపుతున్నాడు. పనిముట్ల పెట్టె ఇంట్లో మంచం కిందికి పోయింది. రెండు వారాల తర్వాత ఒకాయన పగిలిన పడవ గురించి అడగడానికొస్తే, నన్ను అడగబాకన్నా, వేరే వాళ్లని చూసుకో అన్నాడు. వచ్చినాయన అర్థం కాక నా ముఖం చూశాడు. నేనేం చెప్పేది? ఫైబరు పడవలో ఆయనంత పనివాడు లేడని నేను చెబితే నమ్మాల్సిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడు నమ్మడు. ఒంట్లో నీరు తీయడానికి మిషన్ ఉంది. దీనికేముంది? ఆయన కుర్చీలో గోడ వైపు చూస్తూ కూర్చుంటే, వాన రోజు బర్రెల ముందు నిలబడ్డట్టే నిలబడి ఉండేదాన్ని.

ఒక గురువారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నప్పుడు, నా కుట్టు మిషన్ స్క్రూడ్రైవరు తీసుకుని బండి దగ్గరికి పోయాను. వెనక తలుపు గడియకున్న రెండు స్క్రూలు వదులు చేశాను. దొంగతనం చేసినట్టు చుట్టూ చూసుకుని లోపలికొచ్చేశాను. ఆయన లేచాక, వెనక తలుపు గడియ గడగడలాడుతోంది, చూడు అన్నాను. మీ తమ్ముడికి చెప్పు అన్నాడు. వాడు డ్యూటీలో ఉన్నాడు, రేపు ఆసుపత్రి, దారిలో తలుపు తెరుచుకుంటే పడుకున్నోడివి పడుకున్నట్టే రోడ్డున పడతావు, నాకేం అన్నాను. గొణుక్కుంటూ వచ్చాడు.

వంగి గడియ చూశాడు. పై స్క్రూ తల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. చిన్న స్క్రూడ్రైవరు జారి గీసిన గీత ఒకటి దాని మీద కొత్తగా మెరుస్తోంది.

"ఇది అదురుకి వదులైంది గాదు," అన్నాడు. "కుట్టు మిషన్ దాంతో ఇప్పినావా?"

కోప్పడతాడేమో, లోపలికి పోతాడేమో అని చూస్తున్నాను. ఆయన నడుము పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నువ్వే ఇప్పినావు గదా, నువ్వే బిగించు," అన్నాడు. "దాంతో గాదు. పెట్టె తీసకరా, పెద్దది ఉంటాది."

మంచం కిందనుంచి పెట్టె లాక్కొచ్చాను. ఆయన అందులోంచి ఒకటి ఏరి నా చేతికిచ్చి, ముక్కాలి పీట జరుపుకుని కూర్చున్నాడు. బిగించాను. చాలదన్నాడు. ఇంకో అర చుట్టు తిప్పమన్నాడు. తిప్పాను.